నిప్పుకే చావనిది ఉపన్యాసానికి చస్తుందా?

మన్యంలో ఆంత్రాక్స్ అని పేపర్లో ఓ మూల వార్త పడుతుంది. మన ఐటీ మిత్రుల గ్రూపుల్లో ఆ లింకు ఓ పూట తిరుగుతుంది. దాని కింద ఎప్పుడూ వచ్చే రెండు మాటలూ వస్తాయి. ఒకటి, "చచ్చిన గొడ్డుని తినడం ఏమిటండీ, ముందు వాళ్ళకి అవగాహన కల్పించాలి". రెండోది కాస్త సైన్సు వచ్చినాయన అనేది, "తింటే తిన్నారు, కనీసం బాగా ఉడకబెట్టుకోమని చెప్పాలి". అక్కడితో చర్చ ముగుస్తుంది. జనం మళ్ళీ అప్రైజల్ గొడవల్లో పడిపోతారు.

మొదటి మాట సగం నిజం. సగం నిజాలతో చిక్కేమిటంటే, చెప్పినవాడికి తన వంతు పని అయిపోయిందన్న తృప్తినిస్తాయి. రెండో మాట మాత్రం తప్పు. అదీ మనుషుల ప్రాణాల మీదకి తెచ్చే తప్పు.

నా వాదనేమిటో ముందే చెప్పేస్తాను, నచ్చనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. ఆంత్రాక్స్‌ని పొయ్యి దగ్గర ఆపలేం. ఆపగలిగే చోట్లు రెండే. పశువు బతికుండగా సూది దగ్గర, చచ్చాక కత్తి దగ్గర. సూది వెయ్యడానికి ఏటా ఓ మనిషి కొండెక్కాలి. కత్తి దించాలంటే ఆ పశువుగలాయన చేతిలో డబ్బు పెట్టాలి. రెండూ సర్కారు చెయ్యాల్సిన పనులు, రెంటికీ ఖర్చవుతుంది. అవగాహన సదస్సుకి అంత ఖర్చు లేదు. ఒక ఫ్లెక్సీ, ఓ మైకు, నాలుగు టీలు చాలు. అందుకే అందరికీ అదంటే అంత ముద్దు.

2016 వేసవిలో అరకు లోయలోని కోడిపుంజువలసలో జరిగింది చూడండి. (అప్పటికది విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా.) చనిపోయిన పశువుల మాంసం కోసి, పంచుకుని తిన్నవాళ్ళకి ఒంటి మీద పుళ్ళు లేచాయి. విశాఖలోని కింగ్ జార్జి ఆసుపత్రికి చేర్చారు. చర్మానికి వచ్చే ఆంత్రాక్స్ అన్నారు. కొండకి అవతల, ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో ఇది ఇంకా పాత కథ. అక్కడ ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంది. రాష్ట్రాల సరిహద్దు కొండకి తెలీదు, మేతకెళ్ళే పశువుకీ తెలీదు, సంతకీ తెలీదు.

ఆంత్రాక్స్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది 2001లో అమెరికాలో కవర్లలో వచ్చిన పొడి. 22 మందికి సోకింది, ఐదుగురు చనిపోయారు. దాని మీద ఎన్ని పుస్తకాలు, ఎన్ని డాక్యుమెంటరీలు, ఎంత దర్యాప్తు! అదే సూక్ష్మజీవి మన పక్కనున్న కొండల్లో పశువుల మేతలోంచి వస్తే మాత్రం అది "వాళ్ళ అలవాట్ల" వల్ల వచ్చిన జబ్బు అయిపోతుంది. మన పల్లెల్లో దీన్ని దొమ్మరోగం అంటారు. పేరుందంటేనే ఇది కొత్తగా ఊడిపడింది కాదని అర్థం.

సరే, విషయంలోకొద్దాం. ఉడకబెట్టడం అన్న సలహా ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ పనిచెయ్యదో తేల్చుకోవాలంటే, అరకు వెళ్ళిన ప్రతి ఐటీ గ్యాంగూ తినొచ్చే బొంగులో చికెన్ దగ్గర మొదలుపెట్టాలి. పచ్చి కోడిమాంసంలో సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ లాంటి బాక్టీరియా ఉండొచ్చు. ఉప్పూ కారం పట్టించిన ముక్కల్ని వెదురుబొంగులో కూరి, ఆకులతో మూతి బిగించి నిప్పుల మీద పెడితే, లోపలి తేమే ఆవిరై ముక్కని ఉడికిస్తుంది. ముక్క లోపలిదాకా 74 డిగ్రీల సెల్సియస్ చేరిందంటే ఈ రకం బాక్టీరియా చచ్చిపోయినట్టే. కాబట్టి ఎముక దగ్గర ముక్క పచ్చిగా కనిపిస్తే ఇంకాసేపు కాల్చమని మొహమాటపడకుండా అడగండి. పచ్చిమాంసం కోసిన పీట మీదే ఉల్లిపాయలు తరిగిస్తుంటే వద్దని చెప్పండి. ఇక్కడ నిప్పు తన పని తాను చేస్తుంది.

ఇప్పుడు రెండో రకం. ఇది మన లంచ్‌బాక్సులోనే ఉంది. రాత్రి మిగిలిన అన్నాన్ని గిన్నెతో సహా గట్టు మీద వదిలేసి, పొద్దున దానికే పోపు పెట్టి ఆఫీసుకి తెచ్చుకుని, మధ్యాహ్నం మీటింగులోంచి వాష్‌రూముకి పరిగెత్తే బాచిలర్లు మనకి తెలుసు. వాళ్ళ కథలో విలన్ పేరు బాసిల్లస్ సెరియస్. అన్నం కుతకుతా ఉడికినా ఇది పూర్తిగా చావదు. స్పోరు రూపంలో, అంటే తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి సిద్ధబీజం రూపంలో మిగులుతుంది. అన్నం గోరువెచ్చగా అయ్యాక నిద్రలేచి, పెరిగి, విషం తయారుచేస్తుంది. వాంతులు తెప్పించే ఆ విషం పొద్దున పోపులో మళ్ళీ వేడి చేసినా పోదు. దీనికి విరుగుడు ఇంకా ఎక్కువసేపు వండటం కాదు. వండాక అన్నాన్ని వేడివేడిగానైనా ఉంచాలి, త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లోనైనా పెట్టాలి. రెంటికీ మధ్య గంటల తరబడి వదలకూడదు.

ఏమిటీ స్పోరు? పరిస్థితులు బాగాలేవనిపించినప్పుడు ఈ జాతి బాక్టీరియా తన జన్యుపదార్థాన్ని పొర మీద పొర కప్పి, లోపలి నీటిని చాలావరకు వదిలించుకుని, నిద్రలోకి జారుకుంటుంది. తినదు, పెరగదు. ఎండబెడితే చావదు, ఉప్పు రాస్తే చావదు, పొగపెడితే చావదు, ఫ్రీజర్లో పెడితే హాయిగా ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే ప్రాసెస్ ఆగిపోలేదు, స్లీప్‌లో ఉంది. తేమ, తిండి, వెచ్చదనం దొరగ్గానే లేస్తుంది. డబ్బాల్లో ఆహారం నింపే ఫాక్టరీలు ఒత్తిడి పెట్టి 121 డిగ్రీల దాకా వేడిచేసేది ఇలాంటి స్పోరుల కోసమే. ఆసుపత్రుల్లో ఆటోక్లేవు కూడా మామూలుగా 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు నడుస్తుంది. మామూలు గిన్నెలో నీళ్ళు 100 దాటి ఎక్కవు. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అక్కడ 97 దగ్గరే మరుగుతాయి.

ఆంత్రాక్స్ తెచ్చే బాసిల్లస్ ఆంత్రాసిస్ ఈ రెండో రకందే, పైన చెప్పిన అన్నం బాక్టీరియాకి దగ్గరి చుట్టం. ప్రయోగశాలలో, శుభ్రమైన నీళ్ళలో గట్టిగా మరిగిస్తే దీని స్పోరుల్లో చాలావాటిని చంపొచ్చు. కానీ కట్టెల పొయ్యి మీద, కొవ్వు పట్టిన పెద్ద పెద్ద ముక్కల మధ్య, సగం ఉడికీ సగం ఉడకని కుండలో ఆ హామీ ఎవడిస్తాడు? మిగిలిన మాంసాన్ని ఒరుగులు చేసి ఎండబెట్టుకుంటే అసలు హామీయే లేదు. ఈ స్పోరు మొండితనం ఎంతంటే, రెండో ప్రపంచయుద్ధంలో, 1942లో, బ్రిటిష్ వాళ్ళు స్కాట్లండ్ దగ్గర గ్రూనార్డ్ అనే చిన్న దీవిలో గొర్రెల మీద ఆంత్రాక్స్ బాంబులు పరీక్షించారు. 1986లో నేలంతా ఫార్మాల్డిహైడ్‌తో తడిపి శుద్ధి చేశాక గానీ, 1990లో ఆ దీవిలోకి మనుషులు వెళ్ళొచ్చని ప్రకటించలేదు.

అయినా ఉడికించడం గురించిన ఈ వాదనంతా ఒక రకంగా అనవసరం. ఎందుకంటే పొయ్యి దాకా వచ్చేసరికే నష్టం జరిగిపోతుంది. వరస చూడండి. పశువు చచ్చింది. చర్మం ఒలిచారు, ముక్కలు కోశారు, వాటాలు వేశారు, ఆకుల్లో ఇళ్ళకి మోసుకెళ్ళారు, కడిగారు, అప్పుడు పొయ్యెక్కించారు. చేతి మీద గీరుకున్న చిన్న గాటు చాలు, సూక్ష్మజీవి లోపలికి వెళ్ళడానికి. ప్రపంచంలో సహజంగా మనుషులకొచ్చే ఆంత్రాక్స్‌లో నూటికి 95 పైన చర్మం ద్వారా వచ్చేవే. మొదట చిన్న పొక్కు, తర్వాత నొప్పి లేని పుండు, దాని మధ్యలో బొగ్గులాంటి నల్లటి పెచ్చు. మందు పడకపోతే నూటికి పది నుంచి ఇరవై మంది దాకా చనిపోతారు. వేళకి పెన్సిలినో డాక్సీసైక్లినో పడితే దాదాపు అందరూ బతుకుతారు. తిన్న మాంసం వల్ల పేగుల్లోకి వస్తే మాత్రం ఇంతకంటే చాలా ప్రమాదం.

ఇక్కడే అసలు కిటుకుంది. ఈ బాక్టీరియా పశువు రక్తంలో ఉన్నప్పుడు స్పోరు రూపంలో ఉండదు. మామూలు, మెత్తటి రూపంలో ఉంటుంది. స్పోరుగా మారాలంటే దానికి గాలి కావాలి, గాల్లోని ఆక్సిజన్ కావాలి. చచ్చిన పశువుని కొయ్యకుండా వదిలేస్తే లోపల ఆక్సిజన్ అయిపోతుంది, కుళ్ళబెట్టే ఇతర బాక్టీరియా విజృంభిస్తుంది, కొద్ది రోజుల్లో లోపలి ఆంత్రాక్స్ చాలావరకు తనంతట తనే చచ్చిపోతుంది. ముక్కులోంచో మలద్వారంలోంచో కారిన గడ్డకట్టని నల్లటి రక్తం దగ్గర మాత్రం స్పోరులు తయారవుతాయి. కానీ కడుపు చీల్చామా, కోట్ల కొద్దీ బాక్టీరియాకి గాలి తగిలించినట్టే. ఆ రక్తం కారిన నేలలో దశాబ్దాలు నిలిచే స్పోరులు పడతాయి. రేపు ఎండాకాలం చివర గడ్డి పొట్టిగా ఉన్నప్పుడు, ఇంకో పశువు మట్టితో సహా మేసి చస్తుంది.

అంటే మొత్తం గొలుసు కత్తి దిగే ఆ ఒక్క క్షణం మీద ఆధారపడి ఉంది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న, ఆ కత్తి ఎందుకు దిగుతోంది?

"తెలీక" అంటారు మనవాళ్ళు. కొంత నిజమే, ఇది ఫలానా జబ్బని తెలీకపోవచ్చు. కానీ కొండ మీద పశువులు వందరకాలుగా చస్తాయి. పాము కరిచి, లోయలో పడి, ఈతలో అడ్డం తిరిగి, ముసలితనంతో. వాటిని తిన్నారు, ఏమీ కాలేదు. వాళ్ళ అనుభవం అబద్ధం కాదు, నూటికి తొంభై సార్లు సరైన జవాబిచ్చిన అనుభవమే. శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లో రిలీజ్ పెట్టకూడదని మనకి తెలీదా? ఎన్ని సదస్సులు విన్నాం, ఎన్ని స్లైడ్లు చూశాం? అయినా క్లయింటు గట్టిగా అడిగితే పెట్టట్లేదా? తెలిసి కూడా పెడతాం, ఎందుకంటే పెట్టకపోతే వచ్చే నష్టం ఇవాళే కనపడుతుంది, పెడితే వచ్చే నష్టం రావచ్చు, రాకపోవచ్చు. ఏసీలో కూర్చున్న మనదే ఆ లెక్క అయితే, చోడి అంబలితో రోజు గడిపే ఇంటికి ఆ లెక్క ఉండకూడదా?

దుక్కిటెద్దు చచ్చిందంటే ఆ ఇంటి ట్రాక్టరూ పోయింది, ఫిక్స్‌డ్ డిపాజిట్టూ పోయింది. మిగిలింది మాంసం ఒక్కటే. దాన్ని కూడా ఆరడుగుల గోతిలో పూడ్చెయ్యమంటున్నాం. ఆ గొయ్యి రాతినేలలో ఎవరు తవ్వుతారో చెప్పం. తవ్విన కూలి ఎవరిస్తారో చెప్పం. "తినకండి" అని మాత్రం చెప్తాం.

మరి పశువుల బీమా ఉంది కదా అంటారు. ఉంది. దాని నిబంధనలు ఒకసారి చదవండి. సాధారణంగా క్లెయిముకి చెవికి తగిలించిన ట్యాగు కావాలి, పోస్టుమార్టం రిపోర్టు కావాలి. పోస్టుమార్టం అంటే? కొయ్యడం! ఆంత్రాక్స్ అనుమానం ఉన్న కళేబరాన్ని డాక్టరు కూడా కొయ్యకూడదన్నది పశువైద్యంలో మొదటి పాఠాల్లో ఒకటి. చెవి నరంలోంచి ఒక చుక్క రక్తం గాజుపలక మీద తీసి మైక్రోస్కోపులో చూడాలి, అంతే. కొయ్యకూడదని ఒక శాఖ చెప్తుంది, కోసిన కాగితం తెస్తే గానీ డబ్బివ్వనని ఇంకొకరు చెప్తారు. ఇలాంటి స్పెసిఫికేషన్ మన టేబుల్ మీదకొస్తే రెండు నిబంధనలూ పొసగవని తిప్పి పంపిస్తాం. అక్కడ మాత్రం ఆ తేడాని గిరిజనుడు తన ఒంటి మీద సర్దుకోవాలి.

పశువుల అంటువ్యాధుల మీద 2009లో పార్లమెంటు ఓ చట్టం చేసింది. అందులోని జబ్బుల జాబితాలో ఆంత్రాక్స్ ఉంది. అనుమానం వస్తే కబురు చెయ్యాల్సిన బాధ్యత పశువుగలవాడిదని రాసుంది. మంచిదే. గర్భిణుల్ని డోలీ కట్టి మోసుకొచ్చే ఊళ్ళు ఇప్పటికీ ఉన్న కొండల్లో, చచ్చిన ఎద్దు కోసం కబురు ఎవరు మోస్తారు, మోస్తే ఎవరొస్తారు, వచ్చేదాకా ఆ కళేబరానికి కాపలా ఎవరు? 1962కి ఫోన్ చెయ్యమంటారు. ముందు ఫోనుకి సిగ్నల్ దొరకాలిగా.

ఇక సూది సంగతి. పశువుల ఆంత్రాక్స్‌కి టీకా అన్నది కొత్త విద్య కాదు. 1881లోనే పాశ్చర్ ఫ్రాన్సులో జనం ముందు గొర్రెలకి వేసి చూపించాడు. ఇప్పుడు ప్రపంచమంతా వాడేది 1930ల్లో దక్షిణాఫ్రికాలో స్టెర్న్ తయారుచేసిన రకం. మనకి దూరం నుంచి తెచ్చుకోవాల్సిన అవసరం కూడా లేదు, పక్కనే తమిళనాడులోని రాణిపేట సంస్థలో తయారవుతుంది. జబ్బు వచ్చే ప్రాంతాల్లో ఏటా ఒకసారి, సీజను ముందే వెయ్యాలి. ఆ "ఏటా" అన్న మాట దగ్గరే అంతా ఉంది. కేసులు వచ్చిన ఏడాది జీపులు కొండెక్కుతాయి, చుట్టుపక్కల పశువులన్నిటికీ సూదులు పడతాయి, ఫొటోలు దిగుతారు. రెండేళ్ళు కేసులు రాకపోతే, రావట్లేదు కదా ఎందుకు అంటారు. రాకపోవడానికి కారణమే ఆ సూది అని మర్చిపోతారు.

ఇలా మర్చిపోతే ఏమవుతుందో చూడాలంటే కోడిపుంజువలస ఏడాదే, అంటే 2016లోనే, సైబీరియాలోని యమాల్‌లో జరిగింది చూడండి. అక్కడ 1941 తర్వాత ఆంత్రాక్స్ లేదు. లేదు కదా అని 2007లో రెయిన్‌డీర్లకి టీకాలు ఆపేశారు. 2016 వేసవిలో ఎండలు మండి, గడ్డకట్టిన నేల కరిగి, పాత స్పోరులు పైకొచ్చాయి. రెండువేలకి పైగా రెయిన్‌డీర్లు చచ్చిపోయాయి, ఓ పన్నెండేళ్ళ పిల్లాడు చనిపోయాడు. ఆ పిల్లాడి ఇంట్లోవాళ్ళకి అవగాహన తక్కువైందని ఎవరన్నా అనగలరా? సూది ఆపినవాళ్ళది ఆ తప్పు.

డబ్బిస్తే జనం కావాలనే పశువుల్ని చంపి పరిహారం అడుగుతారని ఒక అభ్యంతరం వస్తుంది. జవాబు కష్టమేం కాదు. కొయ్యని కళేబరానికే డబ్బు, అదీ పశువు పూర్తి ఖరీదు కాకుండా మాంసం విలువకి కాస్త ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న ఎద్దుని ఆ డబ్బు కోసం చంపుకునే వెర్రివాడెవడూ ఉండడు. రక్తపు చుక్క పరీక్షకి వెళ్తుంది, ఫలితం ఏదైనా డబ్బు మాత్రం అక్కడికక్కడే చేతికందాలి. ఆరు నెలల తర్వాత ఖాతాలో పడే డబ్బు ఆ సాయంత్రపు కత్తిని ఆపదు.

వాళ్ళ సంస్కృతే అంత అనేవాళ్ళు ఇంకొకరు. ఈ మాట అనేముందు కాస్త ఆగాలి. చచ్చిన పశువుని ఊరవతలకి లాగే పని తరతరాలుగా ఎవరికి అప్పజెప్పామో, తర్వాత అదే పనిని చూపించి వాళ్ళనే ఎలా అంటరానివాళ్ళని చేశామో మైదానంలో ఉన్న మనకి బాగా తెలుసు. తిండిని చూపించి మనిషిని తక్కువ చెయ్యడం మనకి పాత అలవాటు. 2001లో ఒడిశా రాయగడ జిల్లాలోని కాశీపూర్‌లో జనం చనిపోతే, మామిడిటెంకల అంబలి తిని చనిపోయారు గానీ ఆకలితో కాదని సర్కారు వాదించింది. అసలు మామిడిటెంక ఎందుకు తినాల్సొచ్చిందన్న ప్రశ్నని పక్కన పెడితే ఆ వాదన భలే బావుంటుంది. ఆంత్రాక్స్ విషయంలో మన అవగాహన ప్రవచనమూ ఆ బాపతే.

యాప్ చేద్దామంటారు మనవాళ్ళు. దయచేసి వద్దు :) అక్కడ లేనిది సాఫ్ట్‌వేర్ కాదు. ఏటా కొండెక్కే పశువుల డాక్టరూ, టీకా చెడకుండా మోసే ఐసుపెట్టే, గొయ్యి తవ్వినవాడికి కూలీ, కళేబరానికి వెల, నల్ల పెచ్చు చూడగానే పెన్సిలిన్ మొదలుపెట్టే దగ్గర్లోని ఆరోగ్య కేంద్రం, ఇవీ లేనివి. మనుషుల డాక్టర్లూ పశువుల డాక్టర్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, సరిహద్దుకి రెండు వైపులా ఒకే వారంలో టీకాలు వేయించడం ఇంకా మంచిది.

మనం చెయ్యగలిగింది ఒకటుంది. సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. అరకు లోయ, హుకుంపేట, డుంబ్రిగూడ, ముంచింగిపుట్టు మండలాల్లో గత పదేళ్ళలో ఏ ఏడాది ఎన్ని పశువులకి ఆంత్రాక్స్ టీకా వేశారు? మొత్తం పశువులెన్ని? పూడ్చిన కళేబరాలకి ఎవరికి ఎంత ఇచ్చారు? అవే ఏళ్ళలో అవగాహన సదస్సులు ఎన్ని పెట్టారు? నాలుగు వరసల పట్టిక అది. జవాబొచ్చాక, అవగాహన ఎవరికి కావాలో ఆ పట్టికే చెప్తుంది.